పెట్రోలు మూత మీద బొట్టు

ఒక మనిషిని దొంగను చేశాను. చెయ్యి చేసుకోలేదు. పోలీసులకు పట్టివ్వలేదు. ఒక జోకు వేశానంతే. ఆ తర్వాత నిజం తెలిసీ నోరు మూసుకున్నాను. ఇన్నేళ్ళుగా ఈ రెండిటినీ మోస్తున్నాను. బరువు అనడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది, ఎందుకంటే నిజంగా మోసినవాడు వేరే ఉన్నాడు. నేను మోసింది అతను మోస్తున్నాడన్న సంగతిని మాత్రమే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. తెలిసినవాళ్ళతో చెబితే నవ్వుతారు. నేనేం చెప్పినా నవ్వడం వాళ్ళకు అలవాటు. ఆ అలవాటు చేసింది నేనే.

ఎనభైల మధ్యలో బీయస్సీ భౌతికశాస్త్రం పాసై కృష్ణాజిల్లా నుంచి హైదరాబాదు వచ్చాను. వాతావరణ పీడనం మీద పరీక్షలో ఎనిమిది పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ చదువుకు తగిన ఉద్యోగమే దొరికింది: ఒక సినిమా నిర్మాత దగ్గర కాఫీలు లెక్కపెట్టడం. ప్రొడక్షన్ అసిస్టెంట్ అనేవాళ్ళు. ప్రొడ్యూసర్ గారిది జూబ్లీ హిల్స్‌లో ఇల్లు. అప్పటికి ఫిల్మ్‌నగర్ సగం బండరాళ్ళు, సగం హద్దురాళ్ళు.

ఆయనకొక కారుండేది. ఎవరో జమీందారు వారసుల దగ్గర కొన్న పాత విదేశీ స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, ఎర్ర రంగు. నాకంటే రెండేళ్ళు చిన్నది, నాకంటే చాలా ఎక్కువ సినిమాల్లో కనిపించింది. దాన్ని నడపడం, నడిపించడం, బతిమాలడం అన్నీ తెలిసినవాడు ఒక్కడే, ఎల్లయ్య. ఎర్రగడ్డలో ఉండేవాడు. యాభైకి దగ్గర పడిన మనిషి. అంతకుముందు లారీ తోలేవాడు. కారును రోజూ తెల్లవారేసరికి తుడిచి పెట్టేవాడు, ఒంటికి నూనె రాసినట్టు. నేను వయసులో అతనికి కొడుకులాంటివాణ్ణి. అయినా నన్ను "సార్" అనేవాడు, నేను "ఎల్లయ్యా" అనేవాణ్ణి. ప్యాంటు మడత చెడకుండా వేసుకున్నవాడికి దక్కే మర్యాద అది.

నేను చేరిన కొత్తలో ఒక సినిమా ముహూర్తం జరిగింది. పంతులుగారు కెమెరాకు బొట్టు పెట్టారు, క్లాప్ బోర్డుకు పెట్టారు, కారు స్టీరింగుకు పెట్టారు. పళ్ళెంలో కాస్త పసుపు, గంధం ముద్ద మిగిలింది. కారు వెనకభాగం మీద, బయటికి కనిపించేలా పెట్రోలు మూత ఉంటుంది. తళతళలాడే గుండ్రటి మూత. "తినే నోటికి బొట్టు లేకపోతే ఎలాగండీ?" అని దానికి నడిమధ్యన ఇంత ముద్ద అద్ది, కుంకుమ పెట్టాను. అందరూ నవ్వారు.

ఆ సినిమా వంద రోజులు ఆడింది.

సినిమావాళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. వంద రోజులు ఎందుకు ఆడిందో ఎవరికీ తెలియదు కాబట్టి దొరికిన ప్రతిదీ కారణమే. కథ కాదు, పాటలు కాదు, నేను పెట్టిన బొట్టు. అది సెంటిమెంటయింది. ప్రతి శుక్రవారం ఆ మూతకు నా చేత్తోనే బొట్టు పడాలి. ప్రొడ్యూసర్ గారు నన్ను "చల్లని చెయ్యి" అనేవారు. ఏడాది తిరక్కుండా మేనేజర్నయ్యాను. మా ఊళ్ళో మావాళ్ళు ప్రతిభ అనుకున్నారు.

ఒకసారి ఎల్లయ్య కారు కడుగుతూ తడిగుడ్డతో ఆ బొట్టు తుడిచేశాడు. అదే సాయంత్రం విశాఖపట్నం నుంచి ఏదో చెడువార్త ఫోనులో వచ్చింది. ప్రొడ్యూసర్ గారు అతన్ని హాల్లోకి పిలిపించి తిట్టారు. అప్పట్నుంచి ఆ మూత మీద ఎవరూ గుడ్డ వెయ్యలేదు. పాత బొట్టు మీదే కొత్త బొట్టు పెడుతూ వచ్చాను. వారం వారం పొరలు పేరి అట్టకట్టింది.

కారుకు జబ్బు ఆ తర్వాతే మొదలైంది.

బయల్దేరేటప్పుడు బాగానే బయల్దేరేది. ఇంటి నుంచి స్టూడియోకు పది నిమిషాల దారి, ఏ పేచీ లేదు. దూరం వెళ్తేనే. అరగంట నడిచాక, అదీ ఎత్తు ఎక్కేటప్పుడు, బలం పోయేది. ఎల్లయ్య కాలు అడుగుదాకా నొక్కినా ముందుకు రాదు. రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. పావుగంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు లేచేది. ఒక వారం రోజూ ఆగేది, ఇంకో వారం అసలు ఆగేది కాదు.

"వాన పడ్డనాడు మంచిగుంటది సార్. ఎండకే దీనికి నకరాలు," అన్నాడు ఎల్లయ్య ఒక రోజు. రోజూ చూసేవాడు కనక కనిపెట్టాడు.

"హీరోయిన్ కదా, రంగు కరుగుతుందని భయం," అన్నాను.

నవ్వాడు. నేనక్కడితో ఆపేశాను. ఎనిమిది పేజీలు రాసినవాడు ఆ మాట దగ్గర ఒక్క నిమిషం నిలబడి ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఎండకు ఆగి వానకు నడిచేది ఇంజన్లో ఏముంటుంది? వానకు కరిగేది కారు మీద ఏముంది? అడుక్కోలేదు. జోకు తట్టాక నాకు ఆలోచన ఆగిపోతుంది. ఇప్పటికీ అంతే.

ఎర్రగడ్డలో జహంగీర్ భాయ్ అని మంచి మెకానిక్ ఉండేవాడు. ప్లగ్గులు మార్చాడు, కార్బురేటర్ విప్పి కడిగాడు, పెట్రోలు పంపు మార్చాడు. చివరికి ఇంజను పైన ఒక సీసా కట్టి, ట్యాంకుతో పని లేకుండా దాన్నుంచే పెట్రోలు ఇచ్చి చూశాడు. గంటసేపు బ్రహ్మాండంగా నడిచింది. "ఇంజన్ల ఏం ఖరాబ్ లేదు సార్. దీనికి దిల్ అయితే నడుస్తది, లేకుంటే లేదు," అన్నాడు. ట్యాంకు మూత తీసేటప్పుడు మాత్రం అంచులు పట్టుకుని జాగ్రత్తగా తిప్పేవాడు. "పూజ బొట్టు గద సార్, నేను ముట్టుకోవద్దు," అనేవాడు. ఆ మర్యాదను నేనెలా తప్పు పట్టగలను?

మూడో సినిమా మొదలైన రోజుకు వస్తాను. రావాలి కదా.

ఫిల్మ్‌నగర్‌లో ఒక ఎత్తు రోడ్డు. కొబ్బరికాయ కొట్టారు. మొదటి షాట్ హీరోగారు ఎర్ర కారులో కింది నుంచి దూసుకుంటూ పైకి రావడం. పొద్దున్నుంచి ఆయన సరదాగా ఆ చుట్టుపక్కలంతా కారు తిప్పుతున్నారు. షాట్ మొదలయ్యే వేళకు అరగంట దాటింది. సగం ఎత్తులో కారు దగ్గి ఆగింది. కాసేపాగి మళ్ళీ తీశారు. మళ్ళీ ఆగింది. మూడోసారి ఆగాక హీరోగారు నల్ల కళ్ళద్దాలు తీశారు. మా పరిశ్రమలో అది శుభసూచకం కాదు.

మొదటి షాట్ ఆగిపోవడమంటే ఏమిటో అక్కడున్న లైట్‌మన్‌కు కూడా తెలుసు. ఎవరూ మాట్లాడలేదు. ప్రొడ్యూసర్ గారి మొహం చూడలేకపోయాను. నిశ్శబ్దం నాకు పడదు. ఎక్కడైనా నలుగురు మౌనంగా ఉంటే అది నా బాధ్యత అనుకునే మనిషిని.

"ఎల్లయ్య దీన్ని స్టవ్వనుకుని కిరసనాయిలు పోశాడేమోనండీ," అన్నాను.

అందరూ నవ్వారు. హీరోగారు కూడా నవ్వారు. ఎల్లయ్య కూడా నవ్వాడు.

ప్రొడ్యూసర్ గారు ఒక్కరే నవ్వలేదు. "ఎందుకు పొయ్యకూడదూ?" అన్నారు నెమ్మదిగా. "పెట్రోలు అమ్ముకుని కిరసనాయిలు కలిపితే బండి ఇలాగే చస్తుంది. మా ఊళ్ళో టాక్సీవాళ్ళు చేసేది ఇదే కదయ్యా."

జోకండీ అని అప్పుడే అనొచ్చు. అనకపోగా, "పరీక్ష చేసి చూద్దామండీ," అన్నాను. చదువుకున్నవాణ్ణి కదా. ట్యాంకులో ఉన్నది పైపుతో లాగేసి, బంకు నుంచి తాజా పెట్రోలు తెప్పించి పోద్దాం. అప్పుడూ ఆగితే కారు తప్పు, ఆగకపోతే పెట్రోలు తప్పు. వినడానికి ఎంత శాస్త్రీయంగా ఉందో చూడండి.

మూత తీయగానే ఉస్సుమని చప్పుడు వచ్చింది. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. ఎల్లయ్య చటుక్కున నా వైపు చూశాడు.

"సార్, గా సప్పుడు ఇన్నవా?"

"తర్వాత ఎల్లయ్యా, తర్వాత," అన్నాను.

తాజా పెట్రోలు పోశారు. కారు ఆ ఎత్తును ఒక్క ఊపులో ఎక్కింది. రెండోసారీ ఎక్కింది. షాట్ ఓకే అయింది, చప్పట్లు కొట్టారు. ఎవరో నన్ను సైంటిస్టు అన్నారు. ఈలోగా ఇంటికి పంపిన మనిషి కారు షెడ్డులోంచి సగం కిరసనాయిలున్న సీసా పట్టుకొచ్చాడు. గ్రీజు చేతులు కడుక్కోవడానికి ఏ షెడ్డులో ఉండదు చెప్పండి? కానీ ఆ రోజు అందరికీ అది కావాలి. అపశకునమైతే సినిమా ఆగాలి. కల్తీ అయితే డ్రైవరు ఆగితే చాలు.

ఎల్లయ్యను అక్కడే, ఆ రోడ్డు మీదే, యూనిట్ మొత్తం చూస్తుండగా దొంగ అని వెళ్ళగొట్టారు. తాళంచెవి జేబులోంచి తీసి బానెట్ మీద పెట్టాడు. గీత పడుతుందని గుడ్డ వేసి, దాని మీద పెట్టాడు. కొండ దిగి నడుచుకుంటూ పోయాడు.

ఇంతవరకు తెలివితక్కువతనం. పాపం అనే మాట వాడాలంటే ఇక్కణ్ణుంచి వాడాలి.

మూడు రోజుల తర్వాత ప్రొడ్యూసర్ గారింటి వంటగదిలో కాఫీ కోసం నిలబడ్డాను. వంటావిడ కొత్త నూనెడబ్బాకు మేకుతో ఒక మూల చిల్లు పెట్టి వంచింది. గుటక గుటకగా కాస్త కారి నూనె ఆగిపోయింది. ఆవిడ విసుక్కుని రెండో మూల ఇంకో చిల్లు పెట్టింది. ధారగా పడింది. లోపలికి గాలి పోవాలి, అప్పుడే నూనె బయటికొస్తుంది. ఏ వంటావిడకైనా తెలుసు. నాకు డిగ్రీ ఉంది.

కాఫీ అక్కడే వదిలేసి షెడ్డులోకి వెళ్ళాను. పరీక్ష ఈసారి సక్రమంగా చేశాను, చూసేవాళ్ళెవరూ లేని చోట. ట్యాంకులో ఉన్నది ఆ తాజా పెట్రోలే. బొట్టు కదపకుండా కారు తీసుకుని ముప్పావుగంట తిప్పాను. ఎత్తు రోడ్డు మీద దగ్గి ఆగింది. మూత వదులు చేశాను. ఉస్సుమంది. బిగించి నడిపితే పరుగెత్తింది. అప్పుడు గుండుసూదితో ఆ పసుపు, గంధం, కుంకుమ పొరలన్నీ గీకాను. కింద, మూతకు నడిమధ్యన, సన్నటి రంధ్రం. ట్యాంకు గాలి పీల్చుకోవడానికి తయారుచేసినవాళ్ళు పెట్టిన రంధ్రం. నేను నవ్వించడానికి మూసిన రంధ్రం. వానకు ఆ ముద్ద నానినప్పుడు కారు నడిచేది. ఎండకు బిగిస్తే చచ్చేది. ఎల్లయ్య చెప్పింది అక్షరాలా నిజం. ఆ తర్వాత గంటన్నర నడిపాను, ఒక్కసారి కూడా దగ్గలేదు.

సరే, తెలిసింది. తెలిసినవాడు ఏం చెయ్యాలి?

ప్రొడ్యూసర్ గారి దగ్గరికి వెళ్ళాను. గదిలోకి వెళ్ళేదాకా చెప్పాలనే అనుకున్నానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు నిజం రాస్తున్నాను కనక చెబుతాను, మెట్లెక్కుతున్నప్పుడే వేరే మాట తయారుచేసుకున్నాను. "మూత మీద కన్నా బానెట్ మీద, తూర్పు ముఖంగా బొట్టు పెడితే ఇంకా మంచిదని ఒక సిద్ధాంతిగారు చెప్పారండీ," అన్నాను. "అలాగే కానివ్వవయ్యా," అన్నారు. అంతే. కారు మళ్ళీ ఎప్పుడూ ఆగలేదు. ఎల్లయ్య పోయాక కారు బాగైంది. అంతకంటే సాక్ష్యం ఎవరికి కావాలి? అతని మీద పడ్డ మాటకు ముద్ర వేసింది ప్రొడ్యూసర్ గారు కాదు. నా గుండుసూది.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందని భయమా? పోయేదే. చల్లని చెయ్యి పోతే నాలో ఆయనకు మిగిలేది కాఫీలు లెక్కపెట్టేవాడే. కానీ అది పూర్తి జవాబు కాదు. మూడు రోజులుగా అందరూ నన్ను సైంటిస్టు అంటున్నారు. నాకది బాగుంది. ఒక మనిషి పరువుకు ఎదురుగా నేను తూకంలో పెట్టింది ఇది.

పది రోజులకు ఎల్లయ్య వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు, లోపలికి రానివ్వద్దని వాచ్‌మన్‌కు ఆజ్ఞ. నేను బయటికి వెళ్ళాను. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు.

"సార్, బండి మంచిగ నడుస్తుందట గద."

"నడుస్తోంది ఎల్లయ్యా."

"నేను పోయినంకనే మంచిగైందంటున్నరు. గట్లెట్లయితది సార్? నువ్వు సదువుకున్నోనివి. నువ్వు జర ఆలోచన చెయ్యి."

నేను చెప్పులకేసి చూసుకున్నాను.

"నా పిల్లల మీద ఒట్టు సార్. గ్యాస్‌నూనె సుక్క పొయ్యలే. గా సీస చేతులు కడుక్కునేటందుకే. నువ్వు గూడ కడుక్కున్నవ్ గద ఒకనాడు."

"అయ్యగారి కోపం తగ్గనీ. నేను మాట్లాడతాను."

"కోపం గాదు సార్. నౌకరి పోతే పోనీ, ఇంకోకాడ దొరుకుతది. నన్ను దొంగ అన్నరు. గదొక్కటి వాపస్ తీసుకొమ్మను. నాకింకేం వద్దు."

"సరే ఎల్లయ్యా."

"నువ్వు చెప్తే ఇంటడు సార్. నీ మీద శాన నమ్మకం."

నిజమే. ఆ నమ్మకం చెదరకూడదనే కదా నేను చెప్పలేదు.

ఇంకో చోట దొరుకుతుందనుకున్నాడు పాపం. జూబ్లీ హిల్స్ చుట్టుపక్కల డ్రైవర్‌ను పెట్టుకునే ముందు పాత ఇంటికి ఫోను చేసి అడగడం రివాజు. ప్రొడ్యూసర్ గారింట్లో ఫోను ఎత్తేది నేనే. మొదట మధురానగర్ నుంచి ఒక డాక్టరుగారు చేశారు. మర్యాదస్తులు.

"ఎల్లయ్య అనే అతను మీ దగ్గర చేశాడటండీ. మనిషి ఎలాంటివాడు?"

మంచివాడండీ అంటే, మరి ఎందుకు తీసేశారని అడుగుతారు. దానికి జవాబు చెప్పాలి. అంతకంటే జోకు తేలిక.

"డ్రైవింగుకు వంక పెట్టలేమండీ. పెట్రోలు మాత్రం మీరు దగ్గరుండి పోయించుకోండి."

ఆయన నవ్వారు. "అర్థమైందండీ, థాంక్సండీ," అని పెట్టేశారు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు చేశారు. మూడోసారికి ఆ వాక్యంలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా నాకు కుదిరింది. బాగా పేలింది. చుట్టుపక్కల ఆఫీసుల్లో నలుగురూ చెప్పుకున్నారు. ఆ తర్వాత ఇక ఫోన్లు రాలేదు.

ఏళ్ళు గడిచాయి. ప్రొడ్యూసర్ గారు పోయారు. కారును ఎవరో కొనుక్కుపోయారు. నేనింకో కంపెనీకి మారాను. తొంభైల చివర్లో ఒక పొద్దున్న ఎర్రగడ్డ మార్కెట్లో, ఉల్లిగడ్డల బండి వెనక, ఎల్లయ్య కనిపించాడు. తల పూర్తిగా నెరిసింది. నేను తప్పుకునేలోపే చూసేశాడు.

"అరె, మేనేజర్ సార్! మంచిగున్నవా? ఇంక గట్లనే జోకులేస్తున్నవా?"

కోపం లేదు, వెటకారం లేదు. సంతోషపడ్డాడు. ఎంతసేపూ కారు గురించే అడిగాడు. అమ్మేశారంటే, "గుడ్డ కప్పుతరో లేదో ఆళ్ళు," అన్నాడు. స్టీరింగు పట్టి పదేళ్ళు దాటిందని చెప్పాడు. తర్వాత తనే గొంతు తగ్గించాడు.

"శాన ఆలోచన చేసిన సార్. నాకు సమజైంది. గా బంకోడు కలిపిండు. నాకెప్పుడు అనుమానమే ఉండె వాని మీద. గని నేనే గాడ పోపిచ్చేటోన్ని. ఎన్నడు అడగలే. గట్ల సూస్తె తప్పు నాదే గద."

నేను బండి మీంచి ఒక ఉల్లిగడ్డ తీసి, మళ్ళీ అక్కడే పెట్టాను.

"బిడ్డ పెండ్లయింది. అల్లుడు మంచోడే. ఆటో కొన్నడు. గని సార్, పెట్రోల్ పోపిచ్చుకరానీకె నాకియ్యడు. నవ్వుకుంటనే అంటడు, 'మామకు బండి ఇయ్యొచ్చు, పెట్రోల్ మాత్రం మనమే దగ్గరుండి పోపిచ్చుకోవాలె' అని. బిడ్డ గూడ నవ్వుతది. ఏం జేస్త, నేను గూడ నవ్వుత."

నా వాక్యం అది. మాట కూడా పెద్దగా మారలేదు. ఏ డ్రైవర్ల నోట పడి, ఏ టీకొట్టు దగ్గర తిరిగి తిరిగి అతని ఇంట్లోకి చేరిందో. అతనికి ఎదురుగా నిలబడి, అది ఎవరు పుట్టించిందో తెలిసిన ఏకైక మనిషిని నేను, రెండు కిలోల ఉల్లిగడ్డలు ఇమ్మన్నాను. పుచ్చులు లేకుండా ఏరి ఇచ్చాడు.

మరుసటి నెల వెళ్ళాను, చెప్పేద్దామనే. బండి లేదు. పక్క బండి ఆవిడ ఊరికి పోయిండన్నది. ఏ ఊరో అడిగితే చెప్పేది. అడగలేదు. హమ్మయ్య అనిపించింది. ఈ మాట రాయకుండా వదిలేస్తే మీకు నా మీద కాస్త జాలి కలుగుతుందేమో, కానీ వదలదలచుకోలేదు.

ఎల్లయ్య ఉన్నాడో లేడో తెలియదు. ఉంటే ఎనభై దాటి ఉంటాయి. అతని కూతురు ఉంటుంది, ఆ అల్లుడు ఉంటాడు. వాళ్ళలో ఎవరైనా ఇది చదువుతారని నేను నమ్మడం లేదు. క్షమించమని అడగడానికి ఎవరినీ ఎదురుగా పెట్టుకోలేదు కూడా. మీరు క్షమించడానికి ఇందులో మీకు పోయిందేమీ లేదు.

అతను అడిగింది ఒక్కటే, ఆ మాట వెనక్కి తీసుకోమని. తీసుకోవలసిన వేళ దాటిపోయిందని తెలిసే రాస్తున్నాను. ఎల్లయ్య పెట్రోలు అమ్ముకోలేదు. కిరసనాయిలు కలపలేదు. బంకువాడు కూడా కలపలేదు. కారు ఆగడానికి కారణం నేను, అది తెలిసి దాచింది నేను, అతను దొంగ కాడు.

ఈ చివరి నాలుగు మాటలూ రాసి, రెండుసార్లు చదువుకున్నాను. నవ్వు తెప్పించే మాట ఎక్కడైనా దూరిందేమోనని వెతికాను. లేదు. చేతులు కాస్త తేలికగా ఉన్నాయి.